పంచదార సీసా, చేపల తొట్టి

చేపల తొట్టిలో మొక్కలు నాటిన చాలామందికి కొన్ని వారాల్లోనే ఒక చిక్కు ఎదురవుతుంది. లైటు బాగానే ఉంటుంది, ఎరువూ వేసి ఉంటారు. అయినా ఎదుగుదల ఆగిపోతుంది, ఆకుల మీద నాచు పేరుకుంటుంది. చాలాసార్లు లోటు కార్బన్ డయాక్సైడ్‌దే. ఈ వాయువు నీటిలో వ్యాపించే వేగం గాలిలో కంటే దాదాపు పదివేల రెట్లు తక్కువ. పైగా మామూలు నీటిలో లీటరుకు అర మిల్లీగ్రాముకు కాస్త అటూఇటూగా మాత్రమే ఉంటుంది. దట్టంగా మొక్కలు పెంచేవాళ్లు కోరుకునేది 20 నుంచి 30 మిల్లీగ్రాములు.

జపాన్‌లోని నీగాతాకు చెందిన తకాషి అమానో (1954–2015) మొక్కల ఆక్వేరియాన్ని ఒక కళగా ప్రపంచానికి పరిచయం చేసినవాడు. తొలినాళ్లలో ఆయన ఈ లోటును సోడా నీళ్లతో పూడ్చే ప్రయత్నం చేశాడు. ఇప్పుడు సిలిండర్లు, రెగ్యులేటర్లు దొరుకుతున్నాయి కానీ ఖర్చు వేలల్లో. అందుకే చిన్న తొట్టి ఉన్నవాళ్లు వంటింటి వైపు చూస్తున్నారు.

అందరికీ తెలిసిన పద్ధతి ఈస్ట్‌ది. రెండు లీటర్ల కూల్‌డ్రింక్ సీసాలో పావుకిలో పంచదార, గోరువెచ్చని నీళ్లు, పావు టీస్పూను బేకరీ ఈస్ట్ వేసి మూతకు ట్యూబు బిగిస్తారు. పులిసే పిండి పొంగినట్టే ఇక్కడా ఈస్ట్ చక్కెరను తిని వాయువును వదులుతుంది. పంచదార బరువులో సుమారు సగం కార్బన్ డయాక్సైడ్‌గా, మిగతా సగం ఆల్కహాల్‌గా మారుతుంది. ఆ ఆల్కహాల్ పెరిగేకొద్దీ ఈస్ట్ నీరసించి చివరికి చచ్చిపోతుంది. అందుకే సీసా రెండు మూడు వారాలకు మించి పనిచేయదు. విజయవాడ ఎండల్లో అంతకంటే ముందే చేతులెత్తేస్తుంది, డిసెంబరు చలిలో మందగిస్తుంది. అసలు ఇబ్బంది ఏమిటంటే దీనికి కుళాయి లేదు. కొందరు సెలైన్ సెట్టు తెచ్చి దాని చక్రంతో బుడగలు తగ్గించాలని చూస్తారు. అది ప్రమాదం. దారి మూసినా ఈస్ట్ పని ఆపదు, ఒత్తిడి పెరిగి ట్యూబు ఊడుతుంది, లేదా సీసాయే పగులుతుంది. గాజు సీసా అయితే మరీ ప్రమాదం.

కాస్త శ్రమ ఎక్కువైనా నిమ్మ ఉప్పు, వంట సోడా పద్ధతి మేలు. రెండు గట్టి సీసాలు కావాలి. ఒకదానిలో 200 గ్రాముల నిమ్మ ఉప్పు కరిగించిన నీళ్లు, రెండోదానిలో 200 గ్రాముల సోడా, కొద్దిగా నీళ్లు. మొదటి సీసాను ఒకసారి నొక్కితే కొంత పులుపు నీరు సోడా మీద పడి వాయువు పుడుతుంది, రెండు సీసాల్లోనూ ఒత్తిడి నిండుతుంది. సన్నని వాల్వు గుండా వాయువు తొట్టిలోకి పోతున్నకొద్దీ సోడా సీసాలో ఒత్తిడి తగ్గుతుంది. అప్పుడు పక్క సీసాలోని ఒత్తిడి ఇంకొంచెం పులుపు నీటిని దానంతటదే తోస్తుంది. వాల్వు మూస్తే ఈ రాకపోకలు ఆగిపోతాయి. ఆ సోడా అంతా కరిగేసరికి యాభై లీటర్లకు పైగా వాయువు వస్తుంది. అయితే ఒత్తిడి తట్టుకునే మూతల సెట్టు కొనాల్సిందే. సీసా మూతకు బెజ్జం పెట్టి ఫెవిక్విక్ పూయడం దీనికి చాలదు.

ఏ పద్ధతైనా తొట్టికీ సీసాకూ మధ్య వెనక్కి పోనివ్వని చెక్ వాల్వు ఉండాలి, లేకపోతే సీసా చల్లబడినప్పుడు తొట్టి నీరు ట్యూబులోకి ఎక్కుతుంది. ఈస్ట్ పద్ధతిలో మధ్యలో ఒక ఖాళీ సీసా కూడా పెడితే పొంగిన నురుగు చేపల దాకా పోదు.

మోతాదు తెలుసుకోవడానికి డ్రాప్ చెకర్ అనే చిన్న గాజు బుడ్డి అమ్ముతారు. అందులోని ద్రవం నీలంగా ఉంటే వాయువు తక్కువ, ఆకుపచ్చైతే సరి, పసుపైతే మరీ ఎక్కువ. రంగు మారడానికి గంటా రెండు గంటలు పడుతుంది కాబట్టి దానికంటే ముందు చేపల్ని చూడాలి. అవి పైకి వచ్చి నోళ్లు తెరుస్తుంటే వెంటనే ట్యూబు తీసి గాలి పంపు వేయాలి. రాత్రిపూట మొక్కలు కూడా ఈ వాయువునే వదులుతాయి కనుక లైటు ఆర్పేటప్పుడు సరఫరా ఆపడం మంచిది. ఈస్ట్ సీసా ఆగదు కాబట్టి దాని ట్యూబును రాత్రికి బయటే పెట్టాలి.

అనుబియాస్, జావా ఫెర్న్ లాంటి నెమ్మది మొక్కలకు మాత్రం ఇంత హంగామా అక్కర్లేదు. మన చెరువుల్లో పెరిగే హైడ్రిల్లా అయితే నీటిలోని బైకార్బనేట్ నుంచే కార్బన్ లాక్కోగలదు. బైకార్బనేట్ ఎక్కువగా ఉండే బోరు నీళ్లు వాడే ఇళ్లలో దానికి సీసా, ట్యూబు రెండూ అనవసరం.