పొడుపుకథలలో మూలకములు

పొడుపుకథ విప్పుట మన పల్లెలయందు పిన్నలకును పెద్దలకును వేడుక. కాని యెరువుబస్తాపై నచ్చువేసిన అంకెలు మాత్రము పెక్కుమంది రైతులకు విడివడని పొడుపుగనే నిలిచియున్నవి. కావున పైరునకు వలసిన నాలుగు మూలకములను పొడుపుల రూపముననే యిచట దెలుపుచున్నాము. విడుపు చూచుటకు ముందు సభ్యులు కొంచెము యోచింతురు గాక.

1. “ఊరెల్ల నిండియుందును; నా నడుమ నిలిచియే పైరు నాకై యాకలిగొనును; జనుము వేళ్లకు మాత్రము చిక్కుదును.”

ఇది నత్రజని. గాలిలో నూటికి 78 పాళ్లు ఇదియే యైనను పైరు దానిని నేరుగా గ్రహింపజాలదు. జనుము, పెసర, మినుము మొదలగువాని వేరుబుడిపెలలోని సూక్ష్మజీవులు దానిని పట్టి పైరున కందించును. యూరియాలో నూటికి 46 పాళ్లు నత్రజని. అనగా 45 కిలోల బస్తాలో 20 కిలోల 700 గ్రాములు. ఇది కొఱవడినచో ముదురాకులు ముందుగా పసుపువన్నె కెక్కును.

2. “చీకటిలో మెఱయుదును, ఎముకలలో దాగుదును, అగ్గిపెట్టె ప్రక్కను కాచియుందును.”

ఇది భాస్వరము. 1669లో జర్మనీదేశపు హాంబర్గు నగరమున హెన్నిగ్ బ్రాండ్ అనునాతడు మూత్రమును మరగించి దీనిని కనుగొనెను. వేళ్లు బలియుటకు ఇది ముఖ్యము. డి.ఏ.పి. బస్తాపై 18-46-0 అని యుండును. 18 నత్రజని పాళ్లు. 46 ఆక్సైడు రూపమున లెక్కించిన భాస్వరపు పాళ్లు. సున్న పొటాషు లేదనుటకు గుర్తు.

3. “పొయ్యి చల్లారిన పిదప బూడిదలో మిగులుదును, విడదీసి నీట వైచినచో మండుదును.”

ఇది పొటాషియము. 1807లో హంఫ్రీ డేవీ విద్యుత్తుచే దీనిని వేఱుచేసెను. ఇది చాలకున్న ముదురాకుల అంచులు మాడును.

4. “రాగితో గూడి యిత్తడి నగుదును, ఇనుపబొక్కెనకు త్రుప్పు రానీయను, నేను లేకున్న వరియాకే త్రుప్పుపట్టినట్లగును.”

ఇది తుత్తునాగము, అనగా జింకు. ఇది కొఱవడినచో నాటిన 2 మొదలు 4 వారములలో ఆకులపై త్రుప్పువన్నె మచ్చలు గానవచ్చి, పైరు గిడసబాఱును. ఈ ఖైరా తెగులునకు జింకు లోపమే కారణమని 1966లో పంత్‌నగరునందలి వ్యవసాయ విశ్వవిద్యాలయమున కనుగొనిరి.

ఈ భేద మెఱుగక, వన్నె తప్పిన ప్రతి చేనికిని యూరియాయే చల్లుట పెక్కుచోట్ల వాడుకయైనది. జింకు లేక క్రుంగిన వరికి యూరియా చల్లినచో పైకము పోవును, తెగులు నిలుచును. మితిమీరిన నత్రజనిచే పైరు పడిపోవుటయు, పురుగు హెచ్చుటయు గలదు. అట్టి చేనికి లీటరు నీటికి 2 గ్రాముల చొప్పున జింకు సల్ఫేటు కలిపి పిచికారి చేయవలెను. దానిని భాస్వరపు టెరువుతో కలిపి వేయరాదు.

ఆకు చూపు గుర్తులు ఒక్కొక్కప్పుడు ఒకదానితో నొకటి కలిసిపోవును. కావున ఎరువు కొనుటకు ముందే చేనిలో 8 లేక 10 చోట్ల, 15 సెంటీమీటర్ల లోతువఱకు మట్టి తీసి, కలిపి, అందు అర కిలో భూసార పరీక్షకు పంపుడు. జింకు సంగతియు పరీక్షింపుమని కోరుడు. ఫలితము చేతికి వచ్చిన పిదపనే బస్తాల లెక్క వేసికొనుట లాభకరమని సభ్యులకు మనవి చేయుచున్నాము.