ఇల్లలుకగానే పండుగ కాదు

"ఇల్లలుకగానే పండుగ కాదు" అను సామెతను మనము తొందరపడువారిని హెచ్చరించుటకు వాడుచుందుము. ఆ సామెత పుట్టిన ఇంటిని మాత్రము చాలమంది మరచిరి. అలుకుట యనగా పేడనీటితో నేలను తుడుచుట మాత్రమే కాదు. ఇంటి ఆడవారు నేలను, అరుగును, గోడ అడుగును జానెడు జానెడుగా చేతితో తడవి చూచుట. మన్ను ఎచ్చట గుల్లబారినదో, చెదలు ఎచ్చట పట్టినదో, ఏ మూల నెమ్ము దిగినదో ఆ చేతికి తెలియును. నేడు దసరా వచ్చినంతనే అంగడికి పోయి రంగుడబ్బాలు తెచ్చుకొనుచున్నాము. అలుకు పగులును చూపును, రంగు పగులును కప్పును. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు ప్రాంతములందు ఇంకను నిలిచియున్న మట్టిమిద్దెలకు ఈ భేదము ప్రాణములతో ముడిపడిన భేదము.

ప్రాణములనుట అలంకారము కాదు. 2021 అక్టోబరులో జోగులాంబ గద్వాల జిల్లా అయిజ మండలము కొత్తపల్లిలో వానకు నానిన గోడ రాత్రివేళ కూలి ఒకే కుటుంబమున ఐదుగురు నిద్రలోనే కన్నుమూసిరి. 2024లో వానకాలము మొదలైన దినములలోనే నాగర్‌కర్నూలు చెంత వనపట్లలో మిద్దె కూలి ఒక తల్లియు, ఆమె ముగ్గురు పిల్లలును మరణించిరి. అట్టి మిద్దెల క్రింద పడుకొని ఉదయమున బడికి వచ్చు పిల్లలు మన తరగతులలో నేటికిని ఉన్నారు.

తెలుగు చెప్పుకొనువానికి చౌడుతోను సున్నముతోను పనియేమని కొందరనవచ్చును. ఈ సీమలోని బోరవెల్లిలో 1896లో జన్మించిన సురవరం ప్రతాపరెడ్డిగారు రాజుల యుద్ధములను ప్రక్కకు నెట్టి ప్రజల బ్రదుకునే చరిత్రగా వ్రాసిరి. ఆ "ఆంధ్రుల సాంఘిక చరిత్ర"కే తెలుగులో మొట్టమొదటి సాహిత్య అకాడమీ బహుమానము 1955లో వచ్చినది. మిద్దెయు, పొయ్యియు సాహిత్యమునకు వెలియని నేననుకొనను.

ఇల్లు బాగుచేయుట పైనుండి క్రిందికి సాగవలెను. మనవారు ముందుగా వీధిగోడకు రంగు వేయుదురు, చూచువారికి కనబడునది అదియే గనుక. మిద్దె కట్టుబడిని ఒకసారి తలచుకొందము. స్తంభములపై దూలములు, దూలములపై దంతెలు, దంతెలపై కట్టెలో బండలో పరచి, ఆకులలములు వేసి, ఆ పైన మన్ను పోసి దిమ్మిస చేయుదురు. అన్నిటికి పైన చౌడు చల్లుదురు. చౌడుమన్నులో సోడియపు లవణములు హెచ్చు. అవి తడిసినపుడు మట్టిరేణువులను విడదీయగా, ఆ సన్నని రేణువులు రంధ్రములలో క్రుక్కుకొని నీటిని దిగనీయవు. పైరు మొలవనీయని గుణమే మిద్దెను కాపాడు గుణమైనది. మన పూర్వులు రసాయనశాస్త్రము చదువలేదు, చౌటినేలలో నీరు ఇంకకుండ నిలిచియుండుటను చూచిరి.

తొలకరికి ముందు ప్రతియేట మిద్దెనెక్కి గడ్డి పెరికి, ఎలుకబొరియలు పూడ్చి, చౌడు చల్లుట ఆచారము. ఇందులో ఒక చిక్కు కలదు. పాతమన్ను తీయక ఏటేట క్రొత్తమన్ను పోయుచు పోయినచో బరువు పెరుగును. పన్నెండడుగుల పొడవు, పదియడుగుల వెడల్పు గల గదిపై నాలుగంగుళముల మన్ను పెరిగినదనుకొనుడు. తడిసినపుడు అది సుమారు రెండు టన్నులు తూగును. ఈ లెక్కను ఎనిమిదవ తరగతి విద్యార్థి పలకపై వేయగలడు. చెదలు తిన్న దంతె దానిని మోయగలదా యని ఇంటి పెద్దను అడుగదగినవాడును ఆ విద్యార్థియే. కావున క్రుంగినచోట పాతమన్ను దింపి, దంతె మార్చి, పిమ్మట చౌడు వేయవలెను. దూలము గోడలో చొచ్చినచోట కొయ్యను సూదితో గ్రుచ్చి చూడుడు. సులువుగ దిగిన అది పుచ్చినట్లే.

దేశమంతట ఆనకట్టలును భవనములును కట్టినవారని పేరుపడిన పాలమూరు కూలీల ఇండ్లకే ఈ చౌడు తప్పిపోయినది. తాళము వేసిన మిద్దెనెక్కువారుండరు. రెండేండ్లు ఎవరును ఎక్కని మిద్దెకు, పండుగకు వచ్చి నాలుగు దినములలో రంగు వేసి పోయినందున ఒరుగునదేమియు లేదు.

తరువాత గోడ అడుగు. ఊరి వీధులకు సిమెంటు బాటలు వచ్చుట మేలే. కాని ఒకదానిపై నొకటి వేయగా బాట పెరిగి గడప పల్లమగుచున్నది. పూర్వము ఇంటి నుండి వీధికి పారిన నీరు నేడు వీధి నుండి గోడకు పారుచున్నది. గోడవెంబడి వాలుగా కాలువ తీయించుటకు అగు వ్యయము రంగునకగు వ్యయముకన్న తక్కువ. మిద్దె తూములు నీటిని గోడకు దూరముగ విసరునట్లు పొడిగించుటయు అట్టిదే.

నెమ్ము కనబడినంతనే మట్టిగోడకు సిమెంటు పూత పూయించువారున్నారు. ఇది మందు కాదు. మట్టిగోడ నీటిని పీల్చును, ఎండకు విడుచును. సిమెంటు పూత ఆ విడుచుటను అడ్డును. వెలుపల గట్టిగా కనబడు పెంకు, లోపల మెత్తబడిన మన్ను: ఈ స్థితిలో గోడ హెచ్చరిక లేకయే జారును. నూనెరంగులును, ప్లాస్టిక్ రంగులును కొంతవరకు ఇట్టివే. మట్టికి మట్టియే అతుకును. పొట్టు కలిపి నాలుగు దినములు నానవేసి త్రొక్కిన మన్నుతోనే పగులు పూడ్చవలెను. మట్టి అల్పమైనదని తలంపరాదు. గద్వాలలో సోమనాద్రి కట్టించిన మట్టికోట గోడలు తరతరముల వానలు చూచినవి. ఆ కోటలో నేడు కళాశాల నడచుచున్నది.

మట్టిగోడకు తగిన పూత సున్నము. సున్నపురాయిని సుమారు 900 డిగ్రీల వేడిలో కాల్చిన, అందలి బొగ్గుపులుసు వాయువు వెడలిపోయి రాతిసున్నము మిగులును. నీరు పోసిన అది సలసల కాగి తెల్లని ముద్దయగును. పలుచన చేసి గోడకు పూసినపుడు గాలిలోని బొగ్గుపులుసు వాయువును మరల గ్రహించి మెల్లమెల్లగా రాయియగును. అనగా మనము గోడపై రాతిని పొరగా పూయుచున్నాము, ఆ పొర గాలిని అడ్డదు. గోడను ముందు తడిపి, తీవ్రమైన ఎండ లేని వేళ, పలుచగా రెండు మూడు పర్యాయములు పూయవలెను. చిక్కగా ఒక్కసారి పూసినది పెచ్చులూడును. కొంచెము తుమ్మబంక కలిపిన చేతికి అంటదు. సున్నము విరియునపుడు పిల్లలను దరిచేరనీయరాదు, కంటబడిన చూపునకే ముప్పు. అడుగున జాజుపట్టె తీర్చుట అందమునకే కాదు, వానచిందుల మరక కనబడకుండుటకును.

ఇంటిలోపల సున్నము వెలుతురునిచ్చును. గుంటమగ్గముపై కూర్చుండి పోగు పోగు చూచుకొను గద్వాల, రాజోలి నేతవారికి ఇది శృంగారము కాదు, కంటికి సాయము. ఆ రాజోలియే 2009 అక్టోబరు మొదట తుంగభద్ర పొంగినపుడు నీట మునిగెను, మట్టియిండ్లెన్నో కరగిపోయెను. వరద త్రాగిన గోడ పైకి ఆరినట్లున్నను నమ్మదగినది కాదు.

గోడ ఉబ్బినను, పగులు నానాటికి వెడల్పగుచున్నను, తలుపు హఠాత్తుగా పట్టుకొనుచున్నను ఆ ఇంటికి సున్నము వేయరాదు. అందు నిద్రింపనే రాదు. వానదినములలో అట్టి కుటుంబమునకు బడిగది తెరచి యిచ్చిన ప్రధానోపాధ్యాయుని నేను మెచ్చుకొందును. 2024లో తెలంగాణలో ఆరంభమైన ఇందిరమ్మ ఇండ్ల పథకము సొంత స్థలము గల పేదలకు ఐదు లక్షల రూపాయల సాయము నుద్దేశించినది. దరఖాస్తు వ్రాయలేనివారికి వ్రాసిపెట్టుట మన విద్యార్థులకు మంచి వ్యాసరచన.

ఇక వంటిల్లు. మసిపట్టిన గోడపై నేరుగా సున్నము వేసిన నాలుగు దినములలో పసుపుమరకలు తేలును. మసిని గీకి, సీకాయనీటితో కడిగి, ఆరిన పిమ్మటనే పూయవలెను. 1999లో దీపము పథకముతోను, 2016లో ఉజ్జ్వల యోజనతోను ఎన్నో పల్లెయిండ్లకు గ్యాసుపొయ్యి వచ్చినది. తల్లుల కండ్లకును ఊపిరితిత్తులకును అది వరమే. కాని పొగ పోయినదని మిద్దెలోని గవాక్షిని సిమెంటుతో మూయుచున్నారు. వంటయావిరి పోవుటకు పైగవాక్షి ఉండవలసినదే. అంతేకాదు, సిలిండరులోని వాయువు గాలికన్న బరువైనది. కారినచో నేలబారుగా నిలుచును. పైగవాక్షి దానికి చాలదు. గోడ అడుగున జానెడు కన్నమొకటి, ఎలుకలు రాకుండ జాలీ బిగించి, వెలుపలికి తీయవలెను. క్రొత్త వంటిండ్లలోనే ఇది తరచు కనబడదు.

పొయ్యి గట్టునకు మన వైపు తాండూరు బండలు, షాబాదు బండలు వేయుదురు. చవుక, చల్లన. ఇవియు సున్నపురాతి జాతివే. చింతపండు పులుసు, నిమ్మరసము ఒలికినవెంటనే తుడువనిచో నిగ్గు చెడును. మరకలు పోవునని ఆసిడ్ పోసి కడుగువారు బండనే కరగించుకొనుచున్నారు. పిల్లలు ఈ మర్మమును కన్నులార చూడవచ్చును. బండను గీకి వచ్చిన పొడిపై నిమ్మరసము రెండు చుక్కలు వేసిన సన్నని బుడగలు లేచును. గోడకు వేసిన సున్నము గ్రహించిన బొగ్గుపులుసు వాయువే ఇచ్చట వెలువడుచున్నది. అయితే ఈ ప్రయోగము పెరటిలో పడియున్న పగిలిన ముక్కతో చేయవలెను గాని అమ్మ కడిగి ఆరవేసిన గట్టుపై కాదు.