అమెరికా 401(కె) డబ్బుపై ఇక్కడ పన్ను ఎప్పుడు?

అమెరికాలో పదేళ్లో పదిహేనేళ్లో పనిచేసి హైదరాబాద్‌కో విజయవాడకో తిరిగొచ్చిన చాలామందికి అక్కడ 401(కె) లేదా ఐఆర్‌ఏ ఖాతా మిగిలే ఉంటుంది. 59 ఏళ్ల 6 నెలలు నిండకముందే తీస్తే సాధారణంగా పన్నుకు తోడు మరో 10 శాతం అదనంగా కట్టాలి. అందుకే దాన్ని ముట్టుకోకుండా ఉంచేస్తారు. 'తీయలేదు కదా, పన్నెందుకు?' అనుకుంటారు. చిక్కు అక్కడే మొదలవుతుంది.

సంప్రదాయ 401(కె)పై అమెరికా డబ్బు తీసినప్పుడు పన్ను వేస్తుంది. భారత్‌లో పూర్తి రెసిడెంట్ అయినవారికి మాత్రం ప్రపంచంలో ఎక్కడ ఆదాయం వచ్చినా, అది జమైన ఏడాదే లెక్కలోకి వస్తుంది. ఉదాహరణకు ఈ ఏడాది ఖాతాలో 8 వేల డాలర్ల డివిడెండ్లు, లాభాలు చేరాయనుకోండి. ఇక్కడ ఇప్పుడే పన్ను కట్టాలి. పదిహేనేళ్ల తర్వాత అదే సొమ్ము తీస్తే అమెరికా పన్ను వేస్తుంది. ఏళ్లు వేరు కావడంతో ఒకచోట కట్టింది మరోచోట మినహాయించుకోవడం కష్టం.

దీనికి పరిష్కారంగా 2021 ఫైనాన్స్ చట్టం సెక్షన్ 89ఏను తెచ్చింది. అమెరికా, బ్రిటన్, కెనడాల్లోని పదవీ విరమణ ఖాతాలకు ఇది వర్తిస్తుంది. అయితే ఇక్కడ నాన్ రెసిడెంట్‌గా, ఆ దేశంలో రెసిడెంట్‌గా ఉన్నప్పుడు తెరిచిన ఖాతా అయి ఉండాలి. ఈ వెసులుబాటు ఎంచుకుంటే, ఆ దేశం విత్‌డ్రాయల్‌పై పన్ను వేసే ఏడాదే ఇక్కడా పన్ను పడుతుంది. అప్పుడు ఫారం 67 ద్వారా విదేశీ పన్నుకు క్రెడిట్ కోరవచ్చు.

ఇందుకు రిటర్న్ గడువులోపే ఫారం 10-ఈఈని ఆన్‌లైన్‌లో దాఖలు చేయాలి. ఒకసారి ఎంచుకుంటే వెనక్కి తీసుకోలేరు. ఆ తర్వాతి ఏళ్లకూ అదే వర్తిస్తుంది. ఫారం ఇచ్చాం కదా అని ఊరుకోకూడదు. ఏటా రిటర్న్‌లో ఆ ఖాతా ఆదాయాన్ని చూపి, 89ఏ కింద వాయిదా కోరుతున్న మొత్తాన్ని తగ్గించుకోవాలి. ఖాతా వివరాలను షెడ్యూల్ ఎఫ్‌ఏలోనూ రాయాలి. విదేశీ ఆస్తులు దాస్తే నల్లధనం చట్టం కింద 10 లక్షల రూపాయల జరిమానా పడే ప్రమాదం ఉంది. 2024 అక్టోబరు నుంచి స్థిరాస్తి కాకుండా మిగతా విదేశీ ఆస్తుల మొత్తం విలువ 20 లక్షలు దాటకపోతే ఈ జరిమానా లేదు.

తిరిగొచ్చిన తొలి రెండు మూడేళ్లు చాలామంది 'ఆర్‌ఎన్‌ఓఆర్' హోదాలో ఉంటారు. ఆ కాలంలోనూ, అంతకుముందు నాన్ రెసిడెంట్‌గా ఉన్నప్పుడూ ఖాతాలో పెరిగిన సొమ్మును తర్వాత ఇక్కడ పన్నులో కలపరు. కాబట్టి పూర్తి రెసిడెంట్ అయ్యే నాటికి ఖాతాలో ఎంత ఉందో చూపే స్టేట్‌మెంట్‌ను భద్రపరచుకోవాలి. ఇరవై ఏళ్ల తర్వాత ఆ కాగితమే ఆధారం.

మళ్లీ అమెరికా వెళ్లే ఆలోచన ఉన్నవారు ఒకటికి రెండుసార్లు చూసుకోవాలి. 89ఏ ఎంచుకున్నాక నాన్ రెసిడెంట్ అయితే, అసలు ఆ వెసులుబాటే వాడుకోనట్టు లెక్కిస్తారు. అప్పటిదాకా వాయిదా పడిన ఆదాయమంతా పన్నులోకి వస్తుంది.

డబ్బు తీసే పద్ధతి కూడా ముఖ్యమే. భారత్, అమెరికా పన్ను ఒప్పందంలోని 20వ అధికరణం ప్రకారం పెన్షన్ అంటే క్రమానుగతంగా వచ్చే చెల్లింపు. అలాంటి ప్రైవేటు పెన్షన్‌పై నివసించే దేశానికే పన్ను హక్కు. అమెరికా పౌరులు కానివారు ఒకేసారి మొత్తం తీస్తే అక్కడ 30 శాతం కోత పడవచ్చు. ఏళ్ల తరబడి వాయిదాల్లో తీస్తే లెక్క వేరు. అయితే అక్కడ పన్ను పడకపోతే 89ఏ ఎలా వర్తిస్తుందన్నది రెండు దేశాల చట్టాలూ తెలిసిన సీఏను ముందే అడగాల్సిన ప్రశ్న.

2026 ఏప్రిల్ 1 నుంచి వర్తించే కొత్త ఆదాయపు పన్ను చట్టంలో సెక్షన్ల నంబర్లు వేరు. ఖాతా ఇప్పుడు తీయకపోయినా, ఏటా దాని లెక్క చెప్పాల్సిన బాధ్యత మాత్రం మారదు.