రాధానగర్ ఇసుక పుట్టుక

అండమాన్ దీవుల్లోని రాధానగర్ తీరంలో చిటికెడు ఇసుక అరచేతిలో వేసుకుని, దాని మీద నాలుగు చుక్కలు నిమ్మకాయ పిండితే సన్నటి బుడగలు లేస్తాయి. ఇదే పని విశాఖ రుషికొండలో చేసి చూడండి. గవ్వముక్క ఏదైనా చేతిలో పడితే తప్ప ఉలుకూ పలుకూ ఉండదు. ఈ రెండు తీరాల ఇసుకకీ పుట్టిల్లు వేరు.

విశాఖ ఇసుక కొండల్లోంచి వచ్చింది. తూర్పు కనుమల రాళ్లు ఎండకీ వానకీ పగిలి, వాగుల్లో దొర్లి, మెత్తని భాగమంతా మట్టిగా విడిపోగా మిగిలిన గట్టి గింజలు సముద్రానికి చేరాయి. వాటిలో ఎక్కువ క్వార్ట్జ్. మధ్యమధ్య ఎర్రటి గార్నెట్, నల్లటి ఇల్మనైట్ కలిసి ఉంటాయి. అల వెనక్కి తగ్గాక ఒడ్డున కనిపించే నల్లటి చారల్లో ఉండేది చాలావరకు ఆ ఇల్మనైటే.

రాధానగర్ ఇసుకలో అధిక భాగం కాల్షియం కార్బొనేట్. ఆమ్లం తగిలితే అది కార్బన్ డయాక్సైడ్ వదులుతుంది, ఆ బుడగలు దానివే. ఒకప్పుడు మన కోస్తా ఊళ్లలో గోడలకు వెల్ల వేయడానికి గుల్లసున్నం వాడేవారు. ఆ సున్నం కోసం కాల్చిన గుల్లలదీ ఈ తెల్ల ఇసుకదీ ఒకటే పదార్థం. రెండూ సముద్రపు ప్రాణులు నీళ్లలోంచి సున్నం తీసి కట్టుకున్నవే.

రాధానగర్‌కి దారి అండమాన్ రాజధాని పోర్ట్ బ్లెయిర్ మీదుగా. ఆ ఊరికి 2024లో శ్రీ విజయపురం అని పేరు మార్చారు. శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి వెళ్లి స్థిరపడిన కుటుంబాలు ఆ ఊళ్లో చాలా ఉన్నాయి, బజారులో తెలుగు వినిపించడం మామూలే. అక్కడి నుంచి ఓడలో రెండు, రెండున్నర గంటలు వెళ్తే హేవ్‌లాక్ దీవి. 2018 చివర్లో అది స్వరాజ్ ద్వీప్ అయింది. దాని పడమటి అంచున ఉంది రాధానగర్. అక్కడివాళ్లకు అది ఏడో నంబరు బీచి. 2004లో టైమ్ పత్రిక దాన్ని ఆసియాలోకెల్లా మేలైన తీరంగా ఎంచింది. వెనకాల ఆకాశాన్నంటే సముద్రపు మహువా చెట్లు, ముందు తెల్లటి ఇసుక. చాలామంది ఫొటోలు తీసుకుని తిరిగొచ్చేస్తారు. ఒక చిన్న భూతద్దం వెంట తీసుకెళ్లమని నా మనవి.

భూతద్దం కింద ఒక్క గింజా మరో గింజలా ఉండదు. సూది బెజ్జాలున్న ముక్క పగడానిది. పలచటి బిళ్లల్లాంటివి హాలిమెడా అనే సముద్రపు నాచు వదిలేసినవి. ఆ నాచు బతికినన్నాళ్లూ ఒంట్లో సున్నం పోగు చేసుకుంటుంది, చచ్చాక బిళ్లబిళ్లలుగా విడిపోతుంది. చిన్న చుట్టల్లా కనిపించేవి ఫొరామినిఫెరా అనే ఏకకణ జీవుల గుల్లలు. అరిగిన గవ్వపెంకులు, సముద్రపు ముళ్లజీవి విరిగిన ముళ్లు కూడా దొరుకుతాయి. హేవ్‌లాక్ చుట్టుపక్కల దీవుల రాళ్లలోనూ లక్షల ఏళ్ల కిందటి ఇలాంటి గుల్లల సున్నమే బాగా ఉంది. అదీ అలలకు అరిగి ఇసుకలో కలుస్తుంది.

గట్టి పగడం ఇంత మెత్తగా ఎలా మారుతుంది? అలల తాకిడి కొంత. అసలు పనివాడు చిలకచేప, అంటే ప్యారట్‌ఫిష్. దాని ముందు పళ్లన్నీ కలిసిపోయి రామచిలక ముక్కులా తయారయ్యాయి. దానికి కావలసింది పగడపు రాతిమీదా రాతిలోపలా పెరిగే నాచు, సూక్ష్మజీవులు. వాటికోసం రాతినే కొరుకుతుంది. గొంతులో దానికి ఇంకో జత దవడలున్నాయి. కొరికిన రాయి ఆ తిరగలిలో పడి పిండవుతుంది. ఈ చేపకు జీర్ణాశయం లేదు, పిండి నేరుగా పేగుల్లోకి పోతుంది. కాసేపటికి చేప వెనక నీళ్లలో తెల్లటి పొడి పొగలా విడిపోవడం కళ్లారా చూడవచ్చు. అదే దీవిలోని ఎలిఫెంట్ బీచి దగ్గర స్నార్కెల్ ముసుగు పెట్టుకుని నీళ్లలో తల ముంచితే పళ్లు రాతికి తగిలే కటకట కూడా వినిపిస్తుంది.

ఈ జాతుల్లో పెద్దదైన బొప్పితల చిలకచేప ఏడాదికి 5 టన్నుల దాకా పగడపు రాయిని కొరికేస్తుంది. మాల్దీవుల్లోని వక్కారు దీవి చుట్టూ ఏటా కొత్తగా పుట్టే ఇసుకలో 85 శాతం ఈ చేపలదేనని 2015లో ఒక అధ్యయనం లెక్కగట్టింది. అండమాన్‌లో ఇదే నిష్పత్తి ఉండాలనేమీ లేదు. డార్విన్ కూడా 1836లో కోకోస్ దీవుల్లో ఈ చేపల్ని కోసి చూసి, పేగుల నిండా సున్నపు బురద ఉందని రాసుకున్నాడు.

అక్కడి నీటి రంగులోనూ ఇసుకకు పాత్ర ఉంది. నీరు ఎరుపు కాంతిని పీల్చుకుని నీలాన్ని మిగులుస్తుంది, లోతు తక్కువ ఉన్నచోట అడుగున పరిచిన తెల్ల ఇసుక ఆ వెలుతుర్ని పైకి తిప్పి పంపుతుంది. పైగా ఒండ్రు తెచ్చి కలిపే గోదావరిలాంటి పెద్ద నది ఆ దరిదాపుల్లో లేదు.

నన్ను కలవరపెట్టేది పగడాల ఆరోగ్యం. పగడపు ప్రాణి ఒంట్లో సూక్ష్మమైన నాచు కాపురం ఉండి, దానికి తిండి పెడుతుంది. సముద్రం మామూలుకన్నా ఒక్క డిగ్రీ ఎక్కువ వేడెక్కి కొన్ని వారాలు అలాగే ఉంటే ఆ నాచు వెళ్లిపోతుంది, పగడం పాలిపోతుంది. వేడి తగ్గకపోతే చస్తుంది. అండమాన్‌లో 2010లో ఇది విస్తారంగా జరిగింది. పగడం చచ్చిన వెంటనే ఇసుక ఆగిపోదు. చచ్చిన రాతిమీద నాచు బలిసి చిలకచేపలకు తిండి పెరుగుతుంది కూడా. కానీ అవి కొరికేది పాత రాయినే, కొత్త రాయి కట్టేవాళ్లు ఉండరు. ఇసుకకు మనుషుల నుంచీ ముప్పు ఉండేది: ఇళ్లు కట్టుకోవడానికి అండమాన్ తీరాల్లో ఇసుక తవ్వేవారు. ఆ తవ్వకాన్ని ఏటేటా తగ్గించుకుంటూ రమ్మని 2002లో సుప్రీంకోర్టు ఆదేశించింది.

వెళ్లేవాళ్లు డిసెంబరు నుంచి ఏప్రిల్ లోపు వెళ్తే సముద్రం నెమ్మదిగా ఉంటుంది. గవ్వలు ఏరుకోవద్దు. సాయంత్రమైతే ఒడ్డంతా తిరిగే సన్యాసి పీతలకు ఖాళీ గవ్వే ఇల్లు. పగడానికి వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ ఉంది కాబట్టి, చచ్చిన ముక్కయినా సంచిలో కనిపిస్తే విమానాశ్రయంలో పట్టుకుంటారు. గుండ్రటి రాతి పగడాలు ఏడాదికి సుమారు ఒక సెంటీమీటరే పెరుగుతాయి. అందుకని పగడాలు చూస్తూ నీళ్లలో అలసిపోతే, వెంట వచ్చే గైడు లాగే గాలి ట్యూబు పట్టుకుని తేలండి, పగడం మీద మాత్రం కాలు మోపకండి.