విద్యార్థుల చేత వ్యాపారం చేయించడం: మన సంఘాలు చేయగల సాయం

కొన్నేళ్ళ క్రితం ఆడిటు నిమిత్తం ఒక గ్రామ పాల సంఘానికి వెళ్ళాను. కార్యదర్శి బి.కాం. మొదటి తరగతిలో ప్యాసైన కుర్రవాడు. నగదు లెక్కపెడితే 1,140 రూపాయలు తక్కువ వచ్చింది. దొంగతనమేమీ జరగలేదు. ఊళ్ళో అమ్మిన పాల డబ్బు చొక్కా జేబులో వేసుకునేవాడు. అదే జేబులోంచి దాణా బస్తాల కూలి ఇచ్చేవాడు. రాత్రికి గుర్తున్నంత మేరకు చిట్టా రాసేవాడు. సంగతి పొక్కేసరికి కొందరు సభ్యులు ప్రైవేటు వ్యాపారికి పాలు పోయడం మొదలుపెట్టారు. "పుస్తకంలో లెక్కలన్నీ చేశానండీ, చేతిలో డబ్బు పెట్టుకుని ఎన్నడూ చేయలేదు" అని ఆ కుర్రవాడు కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. సహకార డిప్లొమా చదివిన నాకూ మొదటి నగదు తనిఖీ నాడే అసలు చదువు మొదలైందని అప్పుడు గుర్తుకు వచ్చింది.

ఈ లోపాన్ని విద్యావేత్తలు గుర్తించకపోలేదు. భారత వ్యవసాయ పరిశోధన మండలి 2015లో 'స్టూడెంట్ రెడీ' కార్యక్రమాన్ని ప్రారంభించి, వ్యవసాయ, పాడి పరిశ్రమ మొదలైన డిగ్రీ కోర్సుల విద్యార్థులు స్వయంగా సరుకు తయారుచేసి అమ్మి నేర్చుకునే పద్ధతికి అందులో చోటు కల్పించింది. ఢిల్లీ ప్రభుత్వ పాఠశాలల్లో 2021లో 11, 12 తరగతుల విద్యార్థులకు తలకు 2,000 రూపాయల చొప్పున పెట్టుబడి ఇచ్చి, జట్లుగా వ్యాపారం చేయించారు. మన ఊరి ఉన్నత పాఠశాలలో ఇంత పెద్ద ఏర్పాటు అక్కరలేదు. వేసవి ముందు ఒక రోజు మజ్జిగ అమ్మకం చాలు.

ఉదాహరణకు, 20 మంది విద్యార్థులు తలకు 50 రూపాయల వాటా వేస్తే మూలధనం 1,000 రూపాయలు. సంఘంలో లీటరు 60 రూపాయల చొప్పున 10 లీటర్ల పాలు కొని తోడువేశారనుకుందాం. ఆ పెరుగుకు 20 లీటర్ల నీరు కలిపి చిలికితే 200 మిల్లీలీటర్ల గ్లాసులు 150 వస్తాయి. గ్లాసు 10 రూపాయలకు 110 గ్లాసులు అమ్మారు. అందులో 12 అరువు. చేతికి వచ్చింది 980 రూపాయలు.

"పాలకు 600 పోను 380 లాభం" అని పిల్లలు సంబరపడతారు. అప్పుడు ఖర్చులు వరుసగా రాయించాలి: పాలు 600, ఉప్పు, అల్లం, పచ్చిమిర్చి 60, కాగితపు గ్లాసులు 150, ఐసు 60, గ్యాసు 80. మొత్తం 950. చేతిలో మిగిలింది 30 రూపాయలు మాత్రమే. అరువు 120 వసూలైతేనే లాభం 150 అవుతుంది. అమ్ముడుపోని 40 గ్లాసులు మర్నాటికి పుల్లబడతాయి కనుక వాటిని నిల్వ కింద చూపరాదు. మరుసటిసారి వాళ్ళే స్టీలు గ్లాసులు తెస్తారు, పాలు తగ్గించి కొంటారు, అరువు బేరం మానుకుంటారు. ఈ పాఠం నల్లబల్ల మీద చెబితే ఒంటబట్టదు.

సంఘాలు గమనించవలసిన విషయాలు కొన్ని ఉన్నాయి.

1. డబ్బు పుచ్చుకునేవారు ఒకరు, చిట్టా రాసేవారు మరొకరు కావాలి. అమ్మిన వెంటనే రాయాలి. సాయంత్రం ఇద్దరూ కలిసి నగదు సరిచూసి సంతకాలు చేయాలి. పైన చెప్పిన కుర్రవాడికి లేకపోయినది ఈ అలవాటే.

2. వాటా ఎంతైనా మనిషికి ఒకటే ఓటు. 50 రూపాయలు ఒక్కసారి ఇవ్వలేని పిల్లల చేత వాయిదాలుగా కట్టించాలి గాని తప్పించరాదు.

3. లాభం పంచే ముందు లెక్కలు అందరి ఎదుట చదివించాలి. నష్టం వస్తే దాచరాదు, సంఘం పూడ్చనూరాదు. ఎందుకు వచ్చిందో పిల్లలే చెప్పాలి.

4. 18 ఏళ్ళు నిండనివారు చట్టరీత్యా ఒప్పందాలు చేసుకోలేరు. కనుక ప్రధానోపాధ్యాయుల అనుమతి, ఒక ఉపాధ్యాయుని బాధ్యత తప్పనిసరి. బడి బయట అమ్మదలిస్తే 2006 నాటి ఆహార భద్రత, ప్రమాణాల చట్టం కింద నమోదు సంగతి ముందే కనుక్కోవాలి.

5. వెన్న శాతం పరీక్ష పిల్లలకు చూపించవచ్చు. అందులో వాడే గాఢ గంధకామ్లాన్ని మాత్రం వాళ్ళ చేతికి ఇవ్వరాదు.

ఇందువల్ల సంఘానికేమి ఒరుగుతుందని పాలకవర్గం వారు అడగవచ్చు. చిట్టా రాయడం నేర్చిన పిల్ల ఇంటికి వెళ్ళి, తల్లి పాల పుస్తకం తీసి వెన్న శాతం, ధర, మొత్తం సరిచూస్తుంది. తప్పుంటే మర్నాడు తల్లి వచ్చి అడుగుతుంది. అడిగే సభ్యులున్న సంఘంలో లెక్క తప్పడం కష్టం. పదేళ్ళ తరువాత కార్యదర్శి కావలసివస్తే ఆ పిల్లల్లోనే ఒకరు దొరుకుతారు. వచ్చే పాలకవర్గ సమావేశంలో ఈ విషయం చర్చకు పెట్టి, మీ ఊరి ప్రధానోపాధ్యాయులను ఆహ్వానించవలసిందిగా కోరుతున్నాను.