గాలికి రెండు దారులు

పది అడుగుల పొడవు, ఏడడుగుల వెడల్పు, లేచి నిలబడితే తల తగిలేంత ఎత్తు. చిన్న తెరచాప పడవలో క్యాబిన్ అంటే దాదాపు ఇంతే. పైన పలుచని ఫైబర్‌గ్లాసు కప్పు. చుట్టూ నీళ్లే ఉన్నా, ఎండ కాసే మధ్యాహ్నం ఆ గదిలో బయటికంటే వేడి ఎక్కువ. జంషెడ్‌పూర్‌లో టెల్కో పక్కనున్న బిర్సానగర్‌లో, రేకుల కప్పు కింద మే నెల గడిపినవాళ్లకు ఈ బాధ వివరించి చెప్పనక్కర్లేదు. ఈ ఉక్కు నగరానికి సముద్రం లేదు. సువర్ణరేఖ, ఖర్కాయ్ నదులూ, దల్మా కొండల కింద డిమ్నా జలాశయమూ ఉన్నాయి. అయినా పడవ గదిలో గాలి ఆడించే శాస్త్రమే ఇక్కడి ఒంటిగది ఇంటికీ వర్తిస్తుంది, ఒక్క తేడాతో. ఆ తేడా సంగతి తర్వాత.

2017 సెప్టెంబరు 10న గోవాలో బయలుదేరిన నౌకాదళపు తెరచాప నౌక ‘తారిణి’ భూమిని చుట్టి 2018 మే 21న తిరిగి గోవా చేరింది. పొడవు 55 అడుగులు. అందులో వర్తికా జోషి నాయకత్వంలో ఆరుగురు మహిళా అధికారులు. వారిలో విశాఖపట్నానికి చెందిన పి. స్వాతి, హైదరాబాద్‌కు చెందిన బొడ్డపాటి ఐశ్వర్య మన తెలుగువాళ్లు. ఆ యాత్ర అనగానే దక్షిణ సముద్రాల చలీ, కొండల్లాంటి అలలూ గుర్తుకొస్తాయి. కానీ ఆ పడవ భూమధ్యరేఖనూ రెండుసార్లు దాటింది. అక్కడ గాలి తరచుగా పడిపోతుంది, తేమ మాత్రం తగ్గదు. డెక్ మీది మూత తీస్తే అల లోపలికి వస్తుంది, మూస్తే ఉక్కపోత. ఉష్ణమండలంలో తిరిగే ఏ చిన్న పడవకైనా ఇదే చిక్కు.

గాలి కదలాలంటే రెండు చోట్ల పీడనాల మధ్య తేడా ఉండాలి. సెకనుకు మూడు మీటర్ల వేగంతో, అంటే ఆకులు గలగలలాడేంత వేగంతో వీచే గాలి ఎదురుగా ఉన్న గోడ మీద చూపే ఒత్తిడి సుమారు 5 పాస్కల్స్. వేడి గాలి పైకి పోతుందని బడిలో చదువుకున్నాం. అది నిజమే, కానీ దాని బలమెంత? రెండు మీటర్ల ఎత్తున్న గది బయటికంటే అయిదు డిగ్రీలు వేడెక్కితే పుట్టే తేడా 0.4 పాస్కల్ లోపే. గాలి ఒత్తిడిలో పదోవంతు కూడా కాదు. పొగగొట్టం పనిచేసేది దాని ఎత్తు వల్ల. పడవకూ, రేకుల ఇంటికీ ఆ ఎత్తు లేదు. అందుకే చిన్న గదిలో మొదట నమ్ముకోవలసింది బయటి గాలినే. అది పూర్తిగా పడిపోయిన రాత్రి మాత్రం కప్పుకు దగ్గరగా ఉన్న కంతే దిక్కు.

అసలు కీలకం ఇక్కడుంది. గాలి ఒక దారిన వచ్చి రెండో దారిన పోవాలి, ఆ రెండింటిలో చిన్నదే మొత్తం ప్రవాహాన్ని శాసిస్తుంది. పడవ ముందు భాగంలో 50 సెంటీమీటర్ల చదరపు హ్యాచ్ (మూత ఉన్న ద్వారం) ఉందనుకుందాం: 2,500 చదరపు సెంటీమీటర్లు. వెనుక 200 చదరపు సెంటీమీటర్ల చిన్న జాలీ. లెక్క కడితే రెండూ కలిసి 199 చదరపు సెంటీమీటర్ల ఒకే ద్వారంతో సమానం. ముందున్న హ్యాచ్‌ను రెట్టింపు చేసినా ఫలితం మారదు. వెనుక దారిని ముందుదానితో సమానం చేస్తే ఆ అంకె సుమారు 1,770కి, అంటే తొమ్మిది రెట్ల దగ్గరికి వెళుతుంది. వీధివైపు కిటికీని పెద్దది చేయించి, వెనుక గోడను కంత లేకుండా వదిలేసే మేస్త్రీ పని ఈ లెక్క ముందు నిలవదు. ఆ డబ్బుతో వెనుక గోడకు పైన ఒక వెంటిలేటర్ పెట్టించుకోవడం మేలు.

లంగరు వేసిన పడవకు ఇంకో వరం ఉంది. దాని ముక్కు తనంతట తానే గాలివైపు తిరుగుతుంది. కాబట్టి ముందుకు తెరుచుకునే మూత గాలిని లోపలికి పడుతుంది, వెనక్కి తెరుచుకునేది లోపలి గాలిని బయటికి లాగుతుంది. పాత తెరచాప ఓడల్లో కాన్వాసు గొట్టాలను పైకి కట్టి గాలిని కింది గదుల్లోకి దించేవారు. సింధ్‌లోని హైదరాబాద్‌లో (మన హైదరాబాద్ కాదు) మిద్దెల మీద ఒకప్పుడు వరుసగా కనిపించిన గాలి గూళ్లదీ ఇదే సూత్రం. అలల సమస్యకు 1930లో అమెరికాలో తయారైన ‘డొరేడ్’ అనే పడవ జవాబు చెప్పింది. గాలి గొట్టాన్ని నేరుగా గదిలోకి దించకుండా డెక్ మీద ఒక పెట్టెలోకి దించారు. గదిలోకి పోయే రెండో గొట్టం అదే పెట్టెలో, కాస్త పక్కగా, అడుగునుంచి ఎత్తుగా ఉంటుంది. గాలి మలుపు తిరిగి లోపలికి పోతుంది. నీరు పెట్టె అడుగున పడి కంతల్లోంచి డెక్ మీదికి జారిపోతుంది. మరుసటి ఏడు డొరేడ్ అట్లాంటిక్ పందెమూ, ఫాస్ట్‌నెట్ పందెమూ గెలిచింది. గెలుపుకంటే ఆ పెట్టే ఎక్కువకాలం నిలిచింది. దాన్ని ఇప్పటికీ ఆ పడవ పేరుతోనే పిలుస్తారు. ఆషాఢంలో ఏటవాలు జల్లుకు భయపడి వెంటిలేటర్‌కు అట్టముక్క అడ్డం పెట్టే ఇళ్లలో ఇలాంటి మలుపు గూడు ఎందుకు కట్టరో నాకు అర్థం కాదు.

అయితే గాలికంటే ముందు నీడ. నడినెత్తిన సూర్యుడున్నప్పుడు చదరపు మీటరుకు సుమారు 1,000 వాట్ల వేడి పడుతుంది. ఆరు చదరపు మీటర్ల కప్పు తెల్లగా ఉండి అందులో నాలుగోవంతే పీల్చుకున్నా 1,500 వాట్లు. అందులో చాలా భాగం పైకే పోతుంది గాని, లోపలికి దిగేదీ తక్కువేమీ కాదు. సెకనుకు వంద లీటర్ల గాలి గదిలోంచి పోతూ మూడు డిగ్రీలు వేడెక్కితే మోసుకుపోయేది సుమారు 350 వాట్లే. అందుకే అనుభవమున్న నావికులు డెక్‌కు జానెడు పైన గుడ్డ పందిరి కడతారు. రేకుకు ఆనకుండా, మధ్యలో గాలి పోయేలా వేసిన తడికో, పాత టార్పాలినో ఇంటికి అదే పని చేస్తుంది. రేకు మీద సున్నం పూయడం అంతకంటే చవక.

ఇప్పుడు పడవకూ, ఇంటికీ మధ్య ఉందన్న ఆ తేడా. సముద్రం మీది గాలి ఎండాకాలంలోనూ మన చర్మంకంటే చల్లగానే ఉంటుంది కనుక పడవ తలుపులు ఎప్పుడు తెరిచినా లాభమే. చర్మం వేడి దాదాపు 35 డిగ్రీలు. మే నెలలో జంషెడ్‌పూర్ గాలి 40 దాటినప్పుడు అది ఒంటికి వేడిని ఇస్తుంది. చెమట ఆరడం వల్ల కలిగే చలువ మాత్రమే మిగులుతుంది. ఇటుక గోడలు, స్లాబు ఉన్న ఇల్లు రాత్రి చల్లబడి పొద్దెక్కాక కూడా కొంతసేపు చల్లగా ఉంటుంది కాబట్టి పగలు మూసి, రాత్రి తెరవాలి. రేకుల ఇల్లు అలా కాదు, పడవలాగే ఎండతో పాటు వేడెక్కి, పొద్దు వాలగానే చల్లారుతుంది. దానికి గడియారం చూసి నియమం పెట్టలేం. లోపల ఒక థర్మామీటరు, బయట నీడలో ఇంకొకటి ఉంచి, లోపలిది ఎక్కువ చూపితే తెరవాలి, తక్కువ చూపితే మూయాలి. వానలు మొదలయ్యాక మాత్రం పడవ నియమమే: పగలూ రాత్రీ తెరిచే ఉంచాలి.

దోమల జాలీ ప్రవాహాన్ని బాగా తగ్గిస్తుంది. దాన్ని కిటికీ చట్రానికి బిగించే బదులు డేరాలా ముందుకు ఉబ్బేలా కడితే జాలీ విస్తీర్ణం పెరిగి, ఆ నష్టంలో కొంత తిరిగి వస్తుంది. ఇక ఫ్యాన్. గదిలోని గాలినే తిప్పే ఫ్యాన్ చెమట ఆరుస్తుంది తప్ప గాలి మార్చదు. మార్చాలంటే పడవలో సోలార్ పలకతో నడిచే కొద్ది వాట్ల ఫ్యాన్ అయినా, ఇంట్లో ఎగ్జాస్ట్ ఫ్యాన్ అయినా గాలి వీచే వైపుకు ఎదురుగా కాక, అవతలి గోడకు బిగించి బయటికి ఊదించాలి. జంషెడ్‌పూర్ ఎండాకాలం పగళ్లలో పడమటి వడగాలి ఎక్కువ. అలాంటప్పుడు పడమర గోడకు పెట్టిన ఫ్యాన్ కరెంటు ఖర్చుతో ఎదురుగాలి మీద పోరాడుతుంది.