చలానా కడుతున్నాం సరే, దెబ్బ తగిలినోళ్లకు ఏం వస్తుంది?

చండ్రుగొండ మండల ప్రజలకు రోడ్డు ప్రమాద బాధితుల సహాయంపై వివరణ

చలానా మెసేజ్ వచ్చిన రోజు ఏ ఊళ్లోనైనా వినిపించే మాట ఒకటే. "హెల్మెట్ లేదని మా దగ్గర డబ్బు తీసుకుంటున్నారు. మరి మా తమ్ముణ్ణి లారీ గుద్ది పోతే ఎవరిచ్చారు?" ఇది న్యాయమైన ప్రశ్నే. బొగ్గు లారీలు, కూలీల ఆటోలు, ట్రాక్టర్లు, బైకులు అన్నీ ఒకే రోడ్డు మీద తిరిగే జిల్లా మనది. అందుకే దీనికి సూటిగా జవాబు చెప్పుకుందాం.

■ చలానా సొమ్ము ఎటు పోతుంది?

మీరు కట్టే ట్రాఫిక్ చలానా ప్రభుత్వ ఖజానాకు వెళ్తుంది. బాధితుల కోసమని చలానా మీద విడిగా సర్‌చార్జీ మన దగ్గర లేదు.

కొన్ని దేశాల్లో ఉంది. ఇంగ్లండ్‌లో 2007 ఏప్రిల్ నుంచి కోర్టు వేసే జరిమానాల మీద అదనంగా 15 పౌండ్లు వసూలు చేసి, బాధితులను ఆదుకునే సేవలకు వాడటం మొదలుపెట్టారు. అక్కడి వాహనదారులు కూడా "స్పీడుగా వెళ్లినందుకు జరిమానా కడతాం, దొంగతనం కేసు బాధితుల ఖర్చు మా మీద ఎందుకు?" అని గొణిగారు. జరిమానా విషయంలో జనం మాట ఎక్కడైనా దాదాపు ఒకటే.

మన దగ్గర కూడా జరిమానాలంటే జనం సుముఖంగా లేరని ప్రభుత్వాలకు తెలుసు. 2019 సెప్టెంబర్ 1 నుంచి కేంద్ర చట్టంలో జరిమానాలు బాగా పెరిగినా, తెలంగాణ వాటిని అప్పట్లో అమలు చేయలేదు. 2022 మార్చిలో పెండింగ్ చలానాలపై రాయితీ ఇచ్చినప్పుడు బైకులు, ఆటోలవాళ్లు నాలుగో వంతు కడితే సరిపోయింది. 2023 డిసెంబర్ చివర్లో వాళ్లకే 80 శాతం తగ్గించారు. జనం బారులు తీరి కట్టారు. అదే సమయంలో "టైముకు కట్టినోళ్లం పిచ్చోళ్లమా?" అని అడిగినవాళ్లూ ఉన్నారు.

■ మరి బాధితుల డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది?

ప్రధానంగా బండి ఇన్సూరెన్స్ నుంచి. థర్డ్ పార్టీ బీమా ఉన్న బండి గుద్దితే ఆ కంపెనీ పరిహారం కడుతుంది. గుద్ది పారిపోయిన కేసులకు ఇచ్చే సొమ్ము కూడా బీమా కంపెనీలు జమ చేసే నిధి నుంచే వస్తుంది. కాబట్టి మీరు ఏటా కట్టే ప్రీమియంలో కొంచెం, ఎక్కడో మీరెరగని ఒక కుటుంబానికి చేరుతుంది.

కోర్టు దాకా వెళ్లిన కేసులో మరో దారి ఉంది. నిందితుడికి కోర్టు జరిమానా వేసినప్పుడు, అందులో కొంతైనా మొత్తమైనా బాధితుడికి ఇవ్వమని ఆదేశించే అధికారం జడ్జికి ఉంది. భారతీయ నాగరిక్ సురక్షా సంహితలోని 395వ సెక్షన్ ఇదే చెబుతుంది. మీ వకీలు ద్వారా ఈ విషయం కోర్టును అడగండి.

■ గుద్ది పారిపోతే: మీకు రావాల్సింది

ఏ బండి గుద్దిందో తెలియకపోతే:
• మనిషి చనిపోతే 2 లక్షల రూపాయలు
• తీవ్రంగా గాయపడితే 50 వేల రూపాయలు

2022 ఏప్రిల్ 1కి ముందు ఇవి 25 వేలు, 12,500 మాత్రమే. ఇప్పుడు పెరిగాయి. కానీ తీసుకునేవాళ్లు మాత్రం లేరు. 2022లో దేశంలో ఇలాంటి ప్రమాదాలు 67,387 నమోదైతే, 2022-23లో వచ్చిన దరఖాస్తులు కేవలం 205. ఈ లెక్కలు సుప్రీంకోర్టు ముందుకు వచ్చాయి. 2024 జనవరిలో కోర్టు ఒక ఆదేశం ఇచ్చింది: నెలలోగా బండి ఆచూకీ దొరకకపోతే, ఈ పరిహారం అడగవచ్చని పోలీసులే బాధితులకు రాతపూర్వకంగా చెప్పాలి.

అంటే నెల దాటినా మీకు ఏ కాగితం రాకపోతే, స్టేషన్‌కు వెళ్లి అడగడం మీ హక్కు.

■ దరఖాస్తు ఎలా?

1. ముందు ఎఫ్ఐఆర్ చేయించండి. కాపీ ఉచితంగా ఇస్తారు.
2. మనిషి చనిపోతే పోస్టుమార్టం తప్పకుండా చేయించండి. "పోయిన మనిషిని కోయడం ఎందుకు" అని ఊళ్లోనే దహనం చేసేస్తే, తర్వాత ప్రమాదమని రుజువు చేయడం చాలా కష్టం. బాధలో ఉన్న ఇంటివాళ్లకు ఈ మాట పక్కనున్నవాళ్లే నెమ్మదిగా చెప్పాలి.
3. ఫారం-1 నింపి కొత్తగూడెం ఆర్డీవో ఆఫీసులో ఇవ్వండి. దానితోపాటు హామీపత్రం, ఎఫ్ఐఆర్, పోస్టుమార్టం లేదా గాయాల రిపోర్టు, బాధితుడివి, దరఖాస్తుదారుడివి గుర్తింపు కార్డులు, బ్యాంకు పాసుబుక్ జిరాక్స్ జత చేయండి.
4. విచారణ నివేదిక కలెక్టర్‌కు వెళ్తుంది. మంజూరయ్యాక డబ్బు నేరుగా మీ ఖాతాలో పడుతుంది. మధ్యలో ఎవరికీ రూపాయి ఇవ్వనక్కర్లేదు.

ఇచ్చిన ప్రతి కాగితానికీ రసీదు తీసుకోండి. తర్వాత బండి దొరికి వేరే పరిహారం వస్తే, ఈ సొమ్మును అందులోంచి మినహాయిస్తారు.

■ బండి నంబర్ తెలిస్తే?

మోటారు ప్రమాదాల క్లెయిమ్స్ ట్రిబ్యునల్‌లో కేసు వేయాలి. చట్టంలో ఆరు నెలల గడువు ఉంది, అందులోపే వేయండి. తప్పు ఎవరిదో నిరూపించకుండానే మరణానికి 5 లక్షలు, తీవ్ర గాయానికి రెండున్నర లక్షలు అడిగే వీలుంది. పనిచేసే వయసు మనిషిని పోగొట్టుకున్న ఇంటికి సంపాదన లెక్క కట్టి అడిగితే ఇంకా ఎక్కువ రావచ్చు. ఏ దారి మేలో సంతకం పెట్టకముందే వకీలును అడగండి.

వకీలు ఫీజుకు భయపడకండి. ఎస్టీలు, ఎస్సీలు, మహిళలు, పిల్లలకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది. 15100కు ఫోన్ చేయండి, లేదా కొత్తగూడెంలోని జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి.

■ ఆసుపత్రి ఖర్చు

2025 మే నుంచి కేంద్రం నగదు రహిత చికిత్స పథకం తెచ్చింది. ప్రమాదం జరిగిన రోజు నుంచి 7 రోజుల వరకు, ఒక్కొక్కరికి లక్షన్నర రూపాయల దాకా, పథకంలో చేరిన ఆసుపత్రుల్లో చికిత్స చేస్తారు. ప్రమాదం నిజమని పోలీసులు ధ్రువీకరించాలి, అందుకే వెంటనే 112కు గానీ 108కి గానీ ఫోన్ చేయండి.

దారిలో పడి ఉన్న మనిషిని ఆసుపత్రికి చేరిస్తే కేసులో ఇరుక్కుంటామనే భయం వద్దు. పేరు చెప్పమని మిమ్మల్ని ఎవరూ బలవంతం చేయకూడదు. తీవ్రంగా గాయపడినవాణ్ణి మొదటి గంటలోనే చేర్చి ప్రాణం నిలిపినవారికి 'రాహ్-వీర్' పథకం కింద 25 వేల రూపాయల బహుమతి కూడా ఉంది.

■ చివరిగా

చలానా ఎక్కువనిపిస్తే అడగండి, తప్పుగా పడితే ఫిర్యాదు చేయండి. కానీ ఆ కోపంతో ఇన్సూరెన్స్ మాత్రం వదిలేయకండి. చలానా వందల్లో ఉంటుంది. బీమా లేని మీ బండి ఒకరిని గుద్దితే పరిహారం లక్షల్లో మీ చేతి నుంచే కట్టాలి. పొలం, ఇల్లు దాకా వస్తుంది. ఆ డబ్బు మీ దగ్గర లేకపోతే, దెబ్బ తగిలిన కుటుంబానికి కోర్టు కాగితం మాత్రమే మిగులుతుంది. ఆ కుటుంబం పక్క గూడెంలోదే కావచ్చు.

ఈరోజే మీ బండి బీమా తేదీ చూసుకోండి. మీ ఊళ్లో ఈ మధ్య ఇలా ఎవరినైనా పోగొట్టుకున్న ఇల్లు ఉంటే, ఈ పీడీఎఫ్ వాళ్ల ఫోన్‌కు పంపండి. ఫోన్ లేకపోతే చదివి వినిపించండి.